అప్‌డేట్: తమ్ముడి కోర్ట్ మార్షల్, వాళ్లే ఇచ్చిన ఆఫీసర్

స్టోర్ లెక్కల్లో తేడా వచ్చిందని ఆర్మీలో ఉన్న మా తమ్ముడి మీద కోర్ట్ మార్షల్ (ఆర్మీ సొంత కోర్టులో విచారణ) కేసు పెట్టారని, వాదించడానికి వాళ్లే ఇచ్చిన ఆఫీసర్‌ని నమ్మొచ్చా అని తిరుపతి నుంచి అడిగింది నేనే. సమాధానం ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఆ ఆఫీసర్, ఒక మేజర్ గారు, మంచివారే. తమ్ముడు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు, మాకు కావాల్సిన సాక్షుల్ని పిలిపించమని రాసిచ్చారు. కానీ ఆయన లాయర్ కాదు. ఆర్మీ రూల్స్, 1954 ప్రకారం డిఫెండింగ్ ఆఫీసర్ లా చదివి ఉండాల్సిన పని లేదు. అమ్మకు నిద్ర పట్టనిది అందుకే.

కోర్ట్ మార్షల్‌లో రకాలున్నాయి. జనరల్, డిస్ట్రిక్ట్ అనే రకాల్లో సొంత ఖర్చుతో బయటి లాయర్‌ని పెట్టుకోవచ్చు. చిత్తూరులో ఉండే మా మామయ్య, రిటైర్డ్ సుబేదార్, ఈ సంగతి చెప్పి చెన్నైలో ఒక లాయర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ లాయర్ మొదట అడిగింది సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ (విచారణకు ముందే సాక్షులు చెప్పింది రాసిపెట్టిన రికార్డు) కాపీ. మామూలుగా విచారణకు కనీసం 96 గంటల ముందు దాన్ని ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడు ఇద్దరూ కలిసి కేసు చూస్తున్నారు, మేజర్ గారు ఏమీ అనుకోలేదు.

సమ్మరీ కోర్ట్ మార్షల్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసరే జరిపే విచారణ) అయితే మాత్రం లాయర్ వాదించడానికి వీల్లేదు, పక్కన ఉండి సలహా చెప్పే మనిషి ఒకరే. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ముందు అది ఏ కోర్టో కనుక్కోండి.

విచారణ తేదీ ఇంకా రాలేదు. తీర్పు మాకు వ్యతిరేకంగా వస్తే సైనికుల కేసులు, అప్పీళ్లు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్తాం.