పెట్రోల్ ట్యాంకు లీకు: పంపులు ఆపాక బెంజీన్ మళ్లీ పెరిగింది

పాతబావి:
మా పక్క స్థలంలో భూమిలో పాతిన పెట్రోల్ ట్యాంకు పైపు జాయింటు దగ్గర కారింది. ట్యాంకు తీసేశారు, చుట్టూ మట్టి తవ్వి తరలించారు, ఏడాదికి పైగా నీళ్లు తోడి శుద్ధి చేశారు. పెట్రోల్‌లో ఉండే విషపదార్థం బెంజీన్ పరిమితిలోకి వచ్చిందని పంపులు ఆపేశారు. వానల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే లీటరుకు 140 మైక్రోగ్రాములు! తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి 10. శుద్ధి చేసిన వాళ్లేమో శాంపిల్ తేడా అయి ఉంటుందంటున్నారు. నమ్మొచ్చా?

ఇసుకపొర:
నమ్మకండి. ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఇలా చాలాచోట్ల చూశాను. పెట్రోల్ నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భజలం మీద తెట్టులా తేలుతుంది. ఎండల్లో నీటిమట్టం దిగితే దాంతోపాటే దిగుతుంది. వానలకు నీరు పైకొచ్చినప్పుడు మాత్రం అంతా పైకి రాదు, కొంత మట్టి రేణువుల మధ్య చిక్కుకుని నీటికిందే ఉండిపోతుంది. మీరు తోడింది కరిగిన బెంజీన్‌ని. చిక్కుకున్నది అక్కడే ఉంది, పంపులు ఆగగానే మళ్లీ కరగడం మొదలుపెట్టింది. అక్కడ మట్టి ఎలాంటిది?

పాతబావి:
బంకమట్టి అండీ, మధ్యమధ్యలో సన్నటి ఇసుక పొరలు. పరీక్షల కోసం తవ్విన మానిటరింగ్ బావిలోంచి తీసిన నీటిమీద రంగుల తళుకు కనిపించింది.

జలరేఖ:
ఒక చిన్న లెక్క. పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం ఉందనుకుంటే లీటరుకు దాదాపు 9 గ్రాములు. ఆ కాస్తా 8 లక్షల లీటర్లకు పైగా నీటిని 10 మైక్రోగ్రాముల స్థాయికి తీసుకెళ్లగలదు. మట్టిలో మిగిలింది కొంచెమేగా అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. వాసన రావట్లేదన్న మాటా చెల్లదు. నీళ్లలో బెంజీన్ వాసన మనకు తెలిసేసరికి పరిమితి ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది.

గాలిమర:
మా దగ్గర మట్టిలోంచి ఆవిరి లాగే పద్ధతి పెట్టారు, వేపర్ ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. మొదట్లో బ్రహ్మాండంగా లాగింది, తర్వాత పడిపోయింది. గాలి ఇసుక పొరల్లోంచే పోతుంది, బంకమట్టి జోలికి పోదు. బంకలో ఉన్నది మెల్లగా ఇసుకలోకి ఊరుతూనే ఉంటుంది. అందుకే కొన్నాళ్లు ఆపి, మళ్లీ నడిపేవాళ్లు. మాది పెట్రోల్ కాబట్టి ఆ మాత్రమైనా పనిచేసింది. డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, దానికి మట్టిలోకి మెల్లగా గాలి పంపి బాక్టీరియా చేత తినిపించడమే మేలు.

నేలతల్లి:
బాక్టీరియా ఎలాగూ తింటుంది కదా, వదిలేస్తే పోదా?

ఇసుకపొర:
తింటుంది, కానీ దానికి ఆక్సిజన్ కావాలి. గ్రాము ఇంధనానికి సుమారు 3 గ్రాములు. లీటరు నీటిలో కరిగేది మహా అయితే 8-10 మిల్లీగ్రాములు. అందుకే కాలుష్యం నడిమధ్యలో ఆక్సిజన్ ముందే అయిపోతుంది, ఆ తర్వాత దాని బదులు నైట్రేట్, ఇనుము, సల్ఫేట్‌లతో పని నెమ్మదిగా సాగుతుంది. ప్రకృతికి వదిలేస్తామంటే ఆ లెక్కలన్నీ బావుల వారీగా చూపించాలి. దగ్గర్లో తాగునీటి బావి ఉంటే నేనైతే ఒప్పుకోను.

పాతబావి గారూ, తెట్టు ఉన్నంతవరకూ నీటిలోకి గాలి కొట్టే స్పార్జింగ్‌కి కూడా ఒప్పుకోకండి. తెట్టు పక్కలకు జరుగుతుంది, ఆవిరి చుట్టుపక్కల సెల్లార్లలోకి చేరే ప్రమాదముంది.

జలరేఖ:
పాతబావి గారూ, మీ బావి నీళ్లు వాడుతుంటే వెంటనే ఆపండి. మరిగించి తాగుదామనుకోవద్దు, బెంజీన్ ఆవిరై వంటింటి గాలిలోకే వస్తుంది. యాక్టివేటెడ్ కార్బన్ బెంజీన్‌ను బాగానే పట్టుకుంటుంది. పెట్రోల్‌లో ఎంటీబీఈ (ఆక్టేన్ పెంచడానికి కలిపే రసాయనం) కలిసి ఉంటే మాత్రం అంతగా పట్టుకోదు.

పాతబావి:
ఇప్పుడు వాళ్లను ఏం అడగాలి?

ఇసుకపొర:
నీటిమట్టం ఎంత లోతు నుంచి ఎంత లోతు దాకా ఆడుతుందో ఆ మేరకు మట్టి కోర్లు, అంటే గొట్టంతో పొరలు చెదరకుండా తీసిన మట్టి నమూనాలు, తీయమనండి. ఎంత మిగిలిందో, ఏ పొరలో ఉందో నీటి శాంపిల్ ఒక్కటే చెప్పలేదు. నీటి పరీక్ష మట్టం అడుగంటినప్పుడూ చేయాలి, నిండుగా ఉన్నప్పుడూ చేయాలి. శాంపిల్ పట్టేటప్పుడు దగ్గరుండండి. సీసా అంచుదాకా నింపి మూత బిగించాక తలకిందులు చేసి చూడండి. లోపల గాలి బుడగ కనబడితే ఆ సీసా పక్కన పెట్టి ఇంకొకటి పట్టమనండి.