బొబ్బిలి గెలిచాక మూడు రోజులకే విజయరామరాజు పోయాడా?

వీణప్రియ: పెద్దలూ చిన్న డౌట్. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది కదా, మరి గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు కూడా అదే వారంలో చనిపోయాడని మా తాతయ్య అంటున్నారు, నిజమేనా? గెలిచినోడు ఎలా పోతాడు అసలు

గొల్లపల్లోడు: నిజమే అమ్మా. విజయరామరాజుకి పక్క సంస్థానం బొబ్బిలి అంటే ఒళ్ళు మంట, తన బలం చాలక ఫ్రెంచి సేనాని బుస్సీని, వాడి ఫిరంగుల్ని ఎగదోసి తెచ్చుకున్నాడు, కోటలో బొబ్బిలి రాజు రంగారావు ఆడవాళ్ళని కూడా శత్రువుకి దక్కనివ్వకుండా చంపించి తనూ యుద్ధంలో పోయాడు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు మాత్రం అప్పుడు కోటలో లేడు, మూడో రాత్రి గుడారంలోకి దూరి విజయరామరాజుని పొడిచేశాడు. మా ఊళ్ళో వీణలు చేసేవాళ్ళు ఈ కథ చెప్తే పని ఆగిపోద్ది 😄

చరిత్రపిచ్చి: అసలు మజా తర్వాతే. విజయనగరం గద్దెక్కిన ఆనందగజపతికి ఫ్రెంచి వాళ్ళంటే పడలేదు, ఇంగ్లీషు వాళ్ళని పిలిచాడు, 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్ళు ఓడిపోయారు. ఇటు బొబ్బిలి వంశమూ పోలేదు, పసివాడు చిన్న రంగారావు బతికి బయటపడ్డాడు, తర్వాత సంస్థానం మళ్ళీ వాళ్ళకే వచ్చింది.

వీణప్రియ: అంటే తుడిచేద్దామనుకున్న ఇల్లు నిలబడింది, తెచ్చుకున్న ఫ్రెంచోళ్ళు పోయారు! తాతయ్యకి సారీ చెప్పాలి, నమ్మలేదు నేను