మొదటి ట్రాక్ డేకి వెళ్తున్నాను: 80 వేలు స్ప్రింగుల మీద పెట్టాలా, బ్రేకులూ టైర్ల మీదా?

తిరుచానూరు_పోలో
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. కారు 2015 పోలో జీటీ టీఎస్‌ఐ, 74 వేల కిలోమీటర్లు తిరిగింది. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ట్రాక్ డే ఉంది, అంటే మన కారును మనమే ట్రాక్ మీద నడుపుకునే రోజు. దానికి డబ్బు కట్టేశాను. పుత్తూరు, నగరి మీదుగా నేనే నడుపుకుంటూ వెళ్ళి, అదే కారులో ఇంటికి రావాలి. ఇంట్లో మరో కారు లేదు. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా ఇదే.
ఇంజిన్ జోలికి వెళ్ళను. చేతిలో 80 వేలు ఉన్నాయి. ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ షాకూ కలిసిన సెట్టు) వేయించాలా, బ్రేకులూ టైర్లూ చూసుకోవాలా? ముందు టైర్లు సగం అరిగాయి. బ్రేకాయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో ఎక్కడా కనిపించలేదు.

ఘాట్_మలుపు
కాయిలోవర్లే. ఇందులో ఆలోచించేది లేదు తమ్ముడూ. పోలోకు అసలు జబ్బు ఒరగడం. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటివైపు ముందు చక్రం పైభాగం బయటికి వాలిపోతుంది. బరువంతా టైరు బయటి అంచు మీద పడుతుంది. నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు వదిలి తిన్నగా పోతుంటుంది. ఆ ఒరుగుడు ఆపకుండా టైర్ల మీద ఎంత పోసినా బూడిదలో పోసిన పన్నీరే.
నా కారుకు మూడేళ్ళుగా కాయిలోవర్లు ఉన్నాయి. బ్రేకులు కంపెనీవే. మొగిలి ఘాట్‌లో ఒక్కసారి కూడా పెడల్ మెత్తబడలేదు.

గ్రీజు_చేతులు
తమ్ముడూ, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. బ్రేకాయిల్ ఎప్పుడు మార్చారో తెలియదన్నావు. ముందు ఆ సంగతి చూడు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరిందంటే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180.
డిస్కుకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ దగ్గర ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. నువ్వు తొక్కినదంతా బుడగలను నలపడానికే సరిపోతుంది, పెడల్ నేలను తాకుతుంది. ప్యాడ్లు మాడితే లక్షణం వేరు. పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది కానీ కారు ఆగదు. ఈ రెండింటి తేడా కాలికి తెలియాలి.
కొత్త ఆయిల్ పోయించు, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించు. ముందు డిస్కులకు వేడి తట్టుకునే ప్యాడ్లు వేయించు. నాలుగు మంచి టైర్లు కొను. డబ్బు మిగిలితే కంపెనీ రకం షాకులే కొత్తవి వేయించు, 74 వేలకు నీవి అలసిపోయి ఉంటాయి. డాట్ 5 అని రాసిన డబ్బా మాత్రం కొనకు. అది సిలికాన్, నీ కారులో ఉన్నదానితో కలవదు.

మామిడి_తోట
టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగు అంకెలు చూసుకో. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చిత్తూరులో ఒక దుకాణంలో 2023లో నాకు "కొత్త" టైర్లు అమ్మారు. ఇంటికి వచ్చి చూస్తే 1118. ఐదేళ్ళు గోడౌనులో ఎండిన రబ్బరు. అడిగితే బిల్లు చింపి చేతిలో పెట్టారు.

అలిపిరి_టాక్సీ
గ్రీజు అన్నా, మీరు భయపెడుతున్నారు. పదకొండేళ్ళుగా రోజూ తిరుమల ఎక్కి దిగుతున్నాను. కంపెనీ ప్యాడ్లు, మామూలు ఆయిల్. కారు నిండా జనం, పైన సామాను. ఏ రోజూ మరగలేదు. ఘాట్‌కే సరిపోయిన బ్రేకు ట్రాక్‌కు చాలదా?

ఘాట్_మలుపు
అదీ మాట. రోజూ దిగే మనిషి చెబుతున్నాడు, వినండి.

గ్రీజు_చేతులు
అలిపిరి తమ్ముడూ, నువ్వు జాగ్రత్తగా నడుపుతావు కాబట్టే మరగలేదు. కానీ ఘాట్ వేడి వేరు, ట్రాక్ వేడి వేరు. లెక్క వేసి చూపిస్తాను.
మనిషితో కలిపి కారు 1,200 కిలోలు అనుకుందాం. తిరుమల నుంచి అలిపిరికి దిగేది సుమారు 700 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో ఉన్న శక్తి మొత్తం దాదాపు 82 లక్షల జౌళ్ళు. దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్నది నిబంధన. అంటే సెకనుకు 3,400 జౌళ్ళు, రెండు గీజర్లు తినే కరెంటు కన్నా తక్కువ. అందులోనూ చాలా భాగం రెండో గేరులో ఇంజినే పట్టి ఆపుతుంది.
ఇప్పుడు ట్రాక్. స్ట్రెయిట్ చివర 150లో ఉన్న కారును నాలుగు సెకన్లలో 60కి దించావనుకో. 8 లక్షల 70 వేల జౌళ్ళు ఆ నాలుగు సెకన్లలోనే వేడిగా మారాలి. అది 200 కిలోవాట్లు దాటుతుంది, నూరు గీజర్లు ఒక్కసారి వేసినట్లు. ఆ వేడిలో ఎక్కువ పాలు ముందున్న రెండు డిస్కుల మీదే పడుతుంది, వెనక నీకున్నవి డ్రమ్ములు. 3.7 కిలోమీటర్ల ల్యాప్‌లో ఇలా ఒక్క చోటే కాదు, మలుపు మలుపుకూ తొక్కాలి. డిస్కు చల్లబడేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

కాణిపాకం_దారి
నూరు గీజర్ల లెక్క రాసి పెట్టుకున్నాను. ధన్యవాదాలు అన్నా.

ఘాట్_మలుపు
లెక్కలు కాగితం మీద ఎవరైనా వేస్తారు. గ్రీజు అన్నా, ఒకే ప్రశ్న. మీరు ట్రాక్ మీద కారు నడిపారా? అవునా, కాదా?

గ్రీజు_చేతులు
నడపలేదు. ట్రాక్ నుంచి వచ్చిన కార్లు విప్పాను. డిస్కులు నీలం రంగుకు తిరిగినవి, కాలిపర్ రబ్బర్లు మాడి పొడిపొడిగా రాలినవి ఈ చేతులతోనే తీశాను.

ఘాట్_మలుపు
నడపలేదన్నమాట. సరే.

పుత్తూరు_అలైన్‌మెంట్
ఇద్దరి మధ్యకు రావడం ఇష్టం లేదు కానీ కాయిలోవర్ల గురించి ఒక విషయం చెప్పాలి. ఎత్తు తగ్గితే ఒరుగుడు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. పోలో ముందువైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే పైన స్ప్రింగూ షాకూ ఒకటిగా, కింద చక్రాన్ని పట్టి ఉంచే ఒక ఆర్మ్. కారును బాగా దించితే కింది ఆర్మ్ బయటి కొన పైకి లేస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి ఒరిగించే బలం కూడా పెరుగుతుంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. దించిన కారులో షాకు కదలడానికి చోటు కూడా తగ్గి, చిన్న గతుకుకే రబ్బరు స్టాపర్‌కు తగులుతుంది. మలుపు మధ్యలో అది తగిలిందంటే ఆ చక్రం పట్టు ఒక్కసారిగా పోతుంది.
ఘాట్_మలుపు గారు చెప్పిన జబ్బు నిజమే, చక్రం వాలుతుంది. దానికి మందు క్యాంబర్, అంటే చక్రం పైభాగాన్ని ముందే కొద్దిగా లోపలికి వాల్చి ఉంచడం. ట్రాక్ కోసమే ఉంచిన, ముందు చక్రాలు లాగే కార్లకు మైనస్ రెండున్నర, మూడు డిగ్రీలు కూడా పెడతారు. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు అంత పెడితే టైరు లోపలి అంచు అరిగిపోతుంది.
గాలి సంగతి. 27 డిగ్రీల్లో 32 పీఎస్‌ఐ పెట్టించిన టైరు లోపలి గాలి 77 డిగ్రీలకు చేరితే దాదాపు 40 చూపిస్తుంది. అందుకే ట్రాక్ దిగగానే, టైరు వేడిగా ఉండగానే గేజి పెట్టాలి. టైరులో రోడ్డును తాకే నడక భాగం పక్కగోడలోకి తిరిగే చోట సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీయి. మూడు ల్యాపులు తిరిగి వచ్చి చూడు. సుద్ద పక్కగోడ మీదికి కూడా చెరిగిపోయిందంటే టైరు మడత పడుతోంది, గాలి చాలలేదు. నడక భాగం అంచు మీద కూడా సుద్ద చెరగకుండా మిగిలితే గాలి ఎక్కువైంది.

తిరుచానూరు_పోలో
సుద్ద సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వేడిగా ఉన్నప్పుడు ఎంత ఉండాలి అన్నా?

పుత్తూరు_అలైన్‌మెంట్
34 నుంచి 36 మధ్య మొదలుపెట్టు. తర్వాత సుద్ద చెప్పినట్లు విను.

ఘాట్_మలుపు
36 ఎక్కువ. 34.

పుత్తూరు_అలైన్‌మెంట్
రోడ్డు టైరుకు 34 వేడి మీద అంటే చల్లగా ఉన్నప్పుడు 27కు అటూ ఇటూ. మొదటి ల్యాపులోనే మడత పడుతుంది.

ఘాట్_మలుపు
నేను 34తోనే నడుపుతాను. మడత పడలేదు. అయినా నేను కారును నేలకు దించమని ఎక్కడ అన్నాను? ఎత్తు మార్చుకోవచ్చనే కదా కాయిలోవర్లు. కంపెనీ ఎత్తులోనే ఉంచి గట్టి స్ప్రింగు వాడుకోవచ్చు. ఇక్కడ ఎవరికీ చదివే ఓపిక లేదు.
ఒక మాట చెప్పనా? స్ప్రింగులు మార్చానన్న ఒక్క కారణంతో ఒక సర్వీస్ సెంటర్ నా గేర్‌బాక్స్ వారంటీ కొట్టేసింది. స్ప్రింగుకూ గేర్‌బాక్సుకూ ఏమిటి సంబంధం? నాలుగు నెలలు తిరిగాను. జేబులోంచి కట్టుకున్నాను. అప్పటి నుంచి "కంపెనీది కంపెనీలాగే ఉంచు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గ్రీజు అన్న చెప్పేది అచ్చంగా ఆ కౌంటరు వెనక మనిషి చెప్పిన మాటే. కారు కొన్నవాడికి తన కారు మీద హక్కు లేదా?

గ్రీజు_చేతులు
నన్ను ఆ కౌంటరు మనిషితో పోల్చావు కాబట్టి చెబుతున్నాను.
ఆరేళ్ళ క్రితం మా షెడ్డుకు ఒక పిల్లవాడు వచ్చాడు. ట్రాక్ డేకి అన్నాడు. కాయిలోవర్లు నేనే బిగించాను, చక్కగా బిగించాను, నా పనిలో తప్పు లేదు. ట్రాక్‌కు వెళ్ళలేదు. భాకరాపేట ఘాట్‌కు వెళ్ళాడు, తెల్లవారుజామున. కారు అంత గట్టిగా పట్టి తిరుగుతుంటే ఇంకొంచెం, ఇంకొంచెం అనిపించిందట. ఎదురుగా పాల బండి. తప్పించబోయి రాతిగోడకు కొట్టాడు. రెండు కాళ్ళూ విరిగాయి. వాళ్ళ నాన్న మా షెడ్డు ముందు నిలబడి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కారులోంచి తీసిన ఒక స్ప్రింగు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.
మొగిలి ఘాట్‌లో పెడల్ మెత్తబడలేదని మొదటి రోజే రాశావు. ఘాట్‌లో పెడల్ మెత్తబడుతుందో లేదో తెలిసేంతగా ఎందుకు తొక్కుతున్నావు? నా గొడవ అదీ.

నిర్వాహకులు
ఘాట్ రోడ్ల మీద వేగాలు, సమయాలు ఇక్కడ రాయవద్దు. బహిరంగ రోడ్డు మీద పందెం, వేగ పరీక్ష మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. వ్యక్తిగత మాటలు ఆపండి, లేకపోతే చర్చ మూసేస్తాం.

ఘాట్_మలుపు
అన్నా, ఆ పిల్లవాడి సంగతి విని బాధపడ్డాను. కానీ మీ కోపం స్ప్రింగుల మీద కాదు, ఘాట్ మీద. అది మొదటే చెప్పి ఉంటే ఇన్ని రోజులు డాట్ 4, డాట్ 5.1 అని కొట్టుకునేవాళ్ళం కాదు.
నా వైపు నుంచి కూడా వినండి. ట్రాక్ డే అంటే రుసుము, పెట్రోలు, ఒక టైరు సెట్టు. నాకు ఏడాదికి ఒకసారి కుదిరితే గొప్ప. మిగతా రోజులు నాకున్నది మొగిలి ఒక్కటే. నేను నా గీత దాటను. తెల్లవారి ఐదింటికి రోడ్డు ఖాళీగా ఉంటుంది.

గ్రీజు_చేతులు
మన జిల్లాలో తెల్లవారి ఐదింటికి ఏ రోడ్డు ఖాళీగా ఉంటుంది? పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు తిరిగే వేళ అది. నువ్వు గీత దాటకపోవచ్చు. ఎదుటివాడు దాటితే? ట్రాక్ మీద మలుపు అవతల మట్టి మైదానం ఉంటుంది, జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు, ఎదురు వాహనం ఉండదు. ఘాట్‌లో ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు భాకరాపేట దగ్గర ఆ లోయలోనే పడింది.
కారు నీది, హక్కు నీది, కాదనను. చేతులు నావి. ఘాట్‌లో నడిపేవాడి కారుకు ఈ చేతులతో ఇక స్ప్రింగు బిగించను.

అలిపిరి_టాక్సీ
రోజూ ఎదురుగా వచ్చేది మేమే. గ్రీజు అన్న మాటకు నా దండం.

ఘాట్_మలుపు
నేను ఒప్పుకోను. ఒక పిల్లవాడు చేసిన తప్పుకు అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ తిరుచానూరు తమ్ముడికి ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉన్నది ఒక్క కారు, అందులో అమ్మ కూర్చుంటుందని నువ్వు మొదటి ముక్కలోనే రాశావు. నేను అది చదివి కూడా వదిలేశాను. గట్టి స్ప్రింగుల మీద పుత్తూరు దాకా వెళ్ళేసరికి ఆమె నడుము పోతుంది. ఈసారికి బ్రేకులూ టైర్లూ చూసుకో.

తిరుచానూరు_పోలో
నిన్న సాయంత్రం బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూశాను. డికాషన్ రంగులో ఉంది. టైర్ల మీద అంకెలు 2218. ఏడేళ్ళు నిండాయి, నేను సగం అరిగాయనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నాలుగూ మార్చేస్తున్నాను, అంకెలు చూసే కొంటాను. ఆయిల్, ముందు ప్యాడ్లు, కొత్త షాకులు. మిగిలిన దాంతో ఒక మంచి గేజి.
గ్రీజు అన్నా, ఆదివారం మీ షెడ్డుకు తీసుకురానా?

గ్రీజు_చేతులు
ఉదయం ఏడింటికి రా, ఎండ ముదరకముందే బ్రేకుల్లో గాలి తీసేద్దాం. కొత్త ప్యాడ్లు వెంటనే ట్రాక్‌కు తీసుకెళ్ళకూడదు. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 80 నుంచి 20కి మెల్లగా పది సార్లు దించు. పూర్తిగా ఆపకు. తర్వాత బ్రేకు ముట్టకుండా నడిపి చల్లార్చు. ట్రాక్‌లో ప్రతి సెషన్‌లోనూ చివరి ల్యాపు అలాగే నిదానంగా తిరుగు. లోపలికి వచ్చాక హ్యాండ్‌బ్రేకు వేయకు, వేడి డ్రమ్ము పట్టేస్తుంది. గేరు లివర్ పార్క్‌లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టు. బీమా పత్రం కూడా తీసి చదువు. పందెం, వేగ పరీక్షల్లో జరిగిన నష్టానికి మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు.

ఘాట్_మలుపు
ఆ రోజు నేను కూడా వస్తాను ఇరుంగాట్టుకోట్టైకి. నా దగ్గర టైరు ఉష్ణోగ్రత చూసే సూది ఉంది, లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా రాసుకుందాం. 34తో మొదలుపెడదాం.

పుత్తూరు_అలైన్‌మెంట్
36.

తిరుచానూరు_పోలో
టార్క్ రెంచి నేను తెస్తాను. వీల్ బోల్టులు ఎంతకు బిగించాలి అన్నా?

గ్రీజు_చేతులు
120 న్యూటన్ మీటర్లు. ప్రతి సెషన్ ముందు మళ్ళీ చూసుకో, చక్రం చల్లారాక.