కత్తి అడగబోతే నోటికి చెంచా వస్తోంది

ప్రశ్న:
రెండు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. మొన్న ఆదివారం పట్టుబట్టి కూర్చుని వంటింటి మాటలు ముప్పై దాకా కంఠస్థం చేశాను. ఆ రాత్రి ఒక్కటీ తప్పలేదు. బుధవారం నాటికి కుచారా అంటే చెంచానా, కత్తా? మరి కుచీయో? రెండూ తారుమారు. ఎప్పుడో విడిగా నేర్చుకున్న పరాగ్వాస్, అంటే గొడుగు, మాత్రం చెక్కుచెదరలేదు. ఒక జాతి మాటలను కలిపి చదివితే సులువనుకున్నాను. నా జ్ఞాపకశక్తిలోనే లోపమా?

మొదటి జవాబు:
తప్పు ఆ ఆదివారానిది. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుచ్ఛాలను తానే వల్లెవేసి, 1885లో ఫలితాలు ప్రచురించాడు. 12 గుచ్ఛాల వరుసను ఏకబిగిన 68 సార్లు చదివితే దక్కిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివినా దక్కింది.

అయితే మీ చిక్కు అంతటితో తీరదు. కుచారా (చెంచా), కుచీయో (కత్తి) రెండూ మీ మనసులోకి దిగాయి, లేకపోతే తారుమారు కావడానికి ఏముంది? పైకి తీసేటప్పుడే తొక్కిసలాట. 'వంటింటి వస్తువు, కుచ్‌తో మొదలు' అని పిలిస్తే రెండూ పలుకుతాయి. అర్థంలో దగ్గరి మాటలను జట్టుగా నేర్చుకుంటే, పొంతన లేని మాటల కంటే ఆలస్యంగా పట్టుబడతాయని టింకమ్ అనే పరిశోధకుడు 1993లోనే చూపించాడు. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంకా రంగులన్నీ ఒక పేజీలో, పండ్లన్నీ ఒక పేజీలో పేరుస్తాయి!

నాకు ఓంబ్రె (మనిషి), ఆంబ్రె (ఆకలి), ఓంబ్రొ (భుజం) ఒకే రోజు తగిలాయి. ఆకలిగా ఉందని చెప్పబోయి 'నాకు మనిషి ఉన్నాడు' అన్నాను. ఎదుటివారు మర్యాదగా తల ఊపారు. ఆ రాత్రే ఆంబ్రె ఒక్కటి ఉంచుకుని మిగతా రెండు కార్డులూ (ఒకవైపు మాట, రెండోవైపు అర్థం రాసుకున్నవి) మూడు వారాలు దాచేశాను.

రెండో జవాబు:
దాచడం మొదట్లోనే. బాగా తెలిసిన మాటలకు జట్టు మేలే చేస్తుంది. 1953లో బౌస్‌ఫీల్డ్ అనే మనస్తత్వవేత్త నాలుగు వర్గాల మాటలు 60 కలగలిపి వినిపిస్తే, జనం వాటిని వర్గాలవారీగా గుంపులు కట్టి అప్పజెప్పారు. కాబట్టి చెంచా, కత్తి విడివిడిగా కుదురుకున్నాక పక్కపక్కన పెట్టి తేడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
సరే, ఒకసారి చదివాక మళ్లీ చూడటానికి ఎన్నాళ్లు ఎడం ఇవ్వాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఎప్పటికి గుర్తుండాలన్న దాన్ని బట్టి. సెపేడా అనే పరిశోధకుడి బృందం 2008లో చేసిన ప్రయోగంలో వారం తరువాతి పరీక్షకు ఒక రోజు ఎడం, 350 రోజుల తరువాతి పరీక్షకు 21 రోజుల ఎడం బాగా పనిచేశాయి. మళ్లీ చూసేటప్పుడు కార్డు తిప్పకముందే జవాబు చెప్పండి. కొంచెం తడుముకోవాలి, అప్పుడే పట్టు బిగుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కుచీయోను మూడు వారాలు అటకెక్కించాను. ఈలోగా కత్తి కావాలంటే వేలితో చూపిస్తాను.