ముందు సస్పెన్షన్‌లో టక్ టక్ చప్పుడు: రోడ్డు కారుకి నిజంగా మన్నే సామాను ఏది?

నల్లకూపే
పొద్దున్నుంచీ కారు కిందే ఉన్నాను, ఓపిక అయిపోయింది. ముందు ఎడమ వైపు టక్ టక్ మంటోంది. చిన్న గతుకుల మీద వస్తుంది, పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మాత్రం రాదు. సస్పెన్షన్ అంతా మార్పించి ఏడాదైనా కాలేదు. ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ షాకరూ కలిసిన సెట్లు), చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్ముల్లో రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురేథేన్ (పాలీ) బుష్‌లు, షాకర్ పై కొసని బాడీకి బిగించే చోట పిల్లోబాల్ మౌంట్లు వేయించాను. చౌక సరుకేం కాదు. ఇప్పుడు ఎడమ షాకర్ మీద నూనె తడి కూడా కనిపిస్తోంది. కంపెనీ సామాను ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఈసారి కొంటే మళ్లీ విప్పే పని ఉండకూడదు. ఏది కొనాలో చెప్పండి.

బోల్టునట్టు
ఏ కారు? కాయిలోవర్లతో కారు ఎత్తు ఎంత దించారు?

టైరుగీత
సామాను సంగతి తర్వాత, ముందు అలైన్‌మెంట్ రిపోర్టు పెట్టండి. కారు దించినవాళ్లంతా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) గురించే భయపడతారు. రోడ్డు కారుకి మైనస్ 2 డిగ్రీలున్నా టైరు అంత తొందరగా పోదు. టైరుని తినేసేది టో. చక్రం కాస్త పక్కకి చూస్తూ తిరిగిందంటే ప్రతి మీటరూ టైరుని రోడ్డు మీద ఈడ్చినట్టే. ఎత్తు మారితే టో కూడా మారుతుంది, కాబట్టి ఎత్తు మార్చే కాలర్ (కాయిలోవర్ మీది రింగు) ఎప్పుడు తిప్పినా అలైన్‌మెంట్ మళ్లీ చేయించాల్సిందే. టైరు గాడుల మీద చెయ్యి పెట్టి అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటికీ, బయటి నుంచి లోపలికీ రాయండి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపంలా తగిలితే టో తప్పినట్టే. దీన్ని వదిలేసి ఎంత మంచి షాకర్ వేసినా లాభం లేదు.

నల్లకూపే
టైర్లు బాగానే ఉన్నాయండీ. నా గోల చప్పుడు గురించి. కారు టయోటా జీటీ86.

వంపుదారి
అన్నా, పాలీ బుష్‌లు వేశాక కారు ఎలా తిరుగుతుందో చూశావుగా, మళ్లీ రబ్బరుకి వెళ్లకు. చప్పుడంటే గ్రీజు ఆరిపోయి ఉంటుంది. విప్పి, పాలీకి సరిపడే చిక్కటి సిలికాన్ గ్రీజు పట్టించు.

పాతచేయి
ఆరిపోయిన పాలీ కీచుమంటుంది, టక్ మనదు. ఆయన చెప్పిన గుర్తులో జవాబు సగం ఉంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద ముందు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, అప్పుడు యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా రెండు వైపులనీ కలిపే కడ్డీ) మెలి తిరగదు, దాన్ని సస్పెన్షన్‌కి తగిలించే లింక్ రాడ్ మీద బరువు పడదు. చిన్న గతుకులో ఒక చక్రమే లేస్తుంది, లింక్ రాడ్ లాగుడుకీ తోపుడుకీ గురవుతుంది. దాని బాల్ జాయింట్‌లో ఆట (వదులు) ఉంటే అక్కడే కొడుతుంది.

చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని కారు పట్టుకుని అటూ ఇటూ ఊపమనండి. మీరు ఎడమ లింక్ రాడ్ పై జాయింట్‌ని వేళ్లతో గట్టిగా పట్టుకోండి. చెవికి వినపడక ముందే వేలికి టిక్ మని తగులుతుంది. తేలకపోతే లింక్ రాడ్లు రెండూ విప్పి పక్కకి కట్టేసి, నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రండి. చప్పుడు పోయిందంటే దొంగ దొరికినట్టే. వంపుల్లో కారు బాగా ఒరుగుతుంది, జాగ్రత్త.

అది కాకపోతే పిల్లోబాల్ చూడాలి. అందులో రబ్బరు ఉండదు, ఇనుప గోళం ఒక పల్చటి పొర మీద తిరుగుతుంది. దుమ్మూ నీళ్లూ చేరితే ఆ పొర అరిగిపోతుంది. రేసు కార్లలో అలాంటి జాయింట్లని తరచూ చూసి మారుస్తారు కాబట్టి చెల్లుతుంది. రోజూ తిరిగే కారుకి బేరింగ్ ఉన్న రబ్బరు మౌంటే ఎక్కువ కాలం వస్తుంది.

బోల్టునట్టు
ఎంత దించారో ఇంకా చెప్పలేదు.

నల్లకూపే
కొలవలేదు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఒక వేలు పడుతుంది.

బోల్టునట్టు
అదీ సంగతి. బంప్ స్టాప్‌లు (షాకర్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే మెత్తటి దిమ్మలు), డస్ట్ బూట్లు (రాడ్డుకి దుమ్ము అంటకుండా వేసే తొడుగులు) ఉన్నాయా?

నల్లకూపే
బూట్లు పెట్టెలో రాలేదు. బంప్ స్టాప్ చిన్నది ఉంది. అయినా షాకర్ కారడానికీ దీనికీ ఏం సంబంధం?

పాతచేయి
చాలా ఉంది. అంత దిగితే షాకర్‌కి కిందికి వెళ్లే చోటు కొద్దిగానే మిగులుతుంది. ప్రతి గుంతకీ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది, ఆ దెబ్బ షాకర్‌కీ మౌంట్‌కీ తగులుతుంది. బూటు లేదు కాబట్టి ఇసుక రవ్వలు రాడ్డుకి అంటుకుని సీల్ దగ్గరికి చేరతాయి. క్రోమ్ మీద సన్నటి గీత పడితే చాలు, సీల్ కోసుకుపోయి నూనె బయటికి వస్తుంది. పల్చటి చెమ్మ మాత్రమే అయితే కంగారు వద్దు. దుమ్ము ముద్ద కట్టి కిందికి జారుతుంటే మాత్రం అది లీకే.

రాడ్డు కనిపించే రకమైతే దానికి ఒక ప్లాస్టిక్ టై కట్టి, సీల్ దాకా జరిపి, కారు నడిపి రండి. టై ఎక్కడిదాకా వెళ్లిందో చూస్తే ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. అది బంప్ స్టాప్ దగ్గరే ఆగుతుంటే ఏ కంపెనీ షాకర్ కొన్నా ఇదే గతి.

స్ప్రింగ్‌కొలత
ఇందాకట్నుంచి అందరూ షాకర్ అంటున్నారు. గుంతని తీసుకునేది స్ప్రింగ్, షాకర్ పని ఊగుడు ఆపడం. డ్యాంపర్ అనాలి. కాయిలోవర్ అన్నది కూడా తప్పే, కంపెనీ స్ట్రట్‌లోనూ స్ప్రింగ్ దాని చుట్టూనే ఉంటుంది కదా.

వంపుదారి
షాపులో షాకర్ అంటేనే ఇస్తారు సార్. ఎత్తు మార్చుకునేదాన్ని కాయిలోవర్ అంటారని అందరికీ తెలుసు.

స్ప్రింగ్‌కొలత
తెలుసనుకునే కొంటున్నారు, అందుకే స్ప్రింగ్ రేటు (స్ప్రింగ్ ఎంత గట్టిదో చెప్పే అంకె) ఎవరూ అడగట్లేదు. ఉదాహరణకి మిల్లీమీటరుకి 8 కిలోలంటే అంగుళానికి దాదాపు 450 పౌండ్లు. ముందు స్ట్రట్‌కి మోషన్ రేషియో (చక్రం కదిలినదాంట్లో స్ప్రింగ్ ఎంత కదులుతుందో చెప్పే నిష్పత్తి) 1కి దగ్గర, కాబట్టి దాదాపు అంతా చక్రానికి అందుతుంది. వెనక అది 0.75 అనుకుంటే దాని వర్గం 0.56, అంటే 8 కిలోలు చక్రం దగ్గర నాలుగున్నరే. ముందూ వెనకా ఒకే అంకె చూసి సమానమనుకోకూడదు.

వంపుదారి
ఆయన అడిగింది చప్పుడు గురించి.

పాతచేయి
మన్నేది అడిగారు కదా, నా మాట ఇది. స్ప్రింగ్‌కి తగ్గ వాల్వింగ్ (లోపలి నూనెని ఆపే వాల్వుల అమరిక) ఉండి, బూటూ పూర్తి బంప్ స్టాప్‌తో వచ్చి, సీల్ మార్చి రీబిల్డ్ చేయించుకోగలిగే షాకర్ తీసుకోండి. ఎత్తు 20, 25 మిల్లీమీటర్లకు మించి దించకండి. ఆర్ము ఒక్క ఇరుసు మీదే తిరిగే చోట పాలీ ఉంచుకోవచ్చు. రెండు మూడు దిక్కులకి మెలి తిరిగే చోట మాత్రం అది బిగుసుకుంటుంది, ఆ ఒత్తిడంతా బోల్టు మీదా బ్రాకెట్ మీదా పడుతుంది. అక్కడ గట్టి రకం రబ్బరు వేయండి.

రబ్బరు బుష్ వేస్తే ఒక్కటి మరచిపోవద్దు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు ఫైనల్‌గా బిగించకూడదు. రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, బిగించిన చోటే దానికి విశ్రాంతి స్థానం. జాకీ మీద బిగిస్తే కారు దించగానే మెలి తిరిగి, నిలబడి ఉన్నప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద ఉండగానే బిగించమనండి. దగ్గరుండి చూడండి, చాలామంది మెకానిక్‌లు ఇది పట్టించుకోరు.

వంపుదారి
25 మిల్లీమీటర్లు దించడానికి కాయిలోవర్ ఎందుకన్నా, మంచి షాకర్‌కి లోయరింగ్ స్ప్రింగ్ వేస్తే సరిపోతుందిగా.

పాతచేయి
రోడ్డుకి సరిపోతుంది. కాయిలోవర్ మీది చుట్టు మరలకి తుప్పు పట్టి కాలర్ బిగుసుకుపోయే బాధ కూడా ఉండదు.

టైరుగీత
ఏది వేసినా అలైన్‌మెంట్ చేయించండి.

నల్లకూపే
ఎడమ లింక్ రాడ్ పై జాయింట్‌లో ఆట ఉంది, వేలికి తెలిసింది. రెండు వైపులా కొత్తవి ఆర్డర్ పెట్టాను. ఎత్తు సంగతి ఆలోచిస్తా. థ్యాంక్స్.

బోల్టునట్టు
ఎత్తు మారిస్తే లింక్ రాడ్ పొడవు కూడా చూసుకోండి. ఆర్డర్ పెట్టింది అడ్జస్ట్ అయ్యే రకమేనా?

స్ప్రింగ్‌కొలత
వెనక స్ప్రింగ్ రేటు ఎంతో ఇంకా చెప్పలేదు.