శుక్లం తీశాక రెటీనాకు రక్తం నిజంగా పెరుగుతుందా? (మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ల సంగతి)

మైనస్_12:
చిన్నప్పటి నుంచీ హ్రస్వదృష్టి నాకు. ఎడమ కంటి శుక్లం తీయించుకున్నాక ఓసీటీ యాంజియోగ్రఫీలో (కంటి వెనకుండే రెటీనా పొరలోని రక్తనాళాల బొమ్మ తీసే స్కాన్) రక్తనాళాల సాంద్రత పెరిగింది. అంటే రెటీనాకు రక్తం బాగా అందుతోందనేగా? మరి కుడి కంటికి శుక్లం ముదిరేదాకా ఆగమనడం దేనికి?

స్కాన్_గది:
ఆ పెరుగుదలను అలా నమ్మేయకండి. నేను రోజూ ఈ స్కాన్లు తీస్తాను. రక్తకణాలు కదిలేచోట వెనక్కొచ్చే కాంతి మారుతుంది, దాన్నిబట్టే యంత్రం నాళాల బొమ్మ గీస్తుంది. లెన్సు మసకగా ఉంటే సన్న కేశనాళికలు ఆ బొమ్మలోకి రావు. శుక్లం పోగానే అవే నాళాలు కనబడతాయి. రిపోర్టు మూల సిగ్నల్ స్ట్రెంగ్త్ (బొమ్మ ఎంత బాగా వచ్చిందో చెప్పే అంకె) ఉంటుంది, చూడండి. పైగా సాంద్రత అంటే రక్తం పారే వేగం కాదు.

మైనస్_12:
ముందు 5, తర్వాత 9. అయితే ఏంటి? కంటి ఒత్తిడి కూడా తగ్గింది. ఒత్తిడి తగ్గితే రక్తం సులువుగా లోపలికి రాదా?

స్కాన్_గది:
5కీ 9కీ పోలికే కుదరదండీ. ఒత్తిడి కాస్త తగ్గడం మామూలే. ఆ మాత్రం తేడాకు రెటీనా నాళాలు తమంతట తామే సర్దుకుంటాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు లోపల వాపూ ఉండొచ్చు. ఇంకోటి, కంటి పొడవు (ముందు నుంచి వెనక్కి) 26 మిల్లీమీటర్లు దాటితే స్కాన్ కొలతల్ని సరిదిద్దాలి.

మైనస్_12:
ముందూ తర్వాతా అదే కన్ను కదా, పొడవు మారిందా?

స్కాన్_గది:
వేరేవాళ్ల కంటితో పోల్చేటప్పటి మాట అది.

చుక్కలమందు:
ఎవరేమన్నా డాక్టరు రాసిన చుక్కలు మాత్రం మానకండి.

పెద్దకూతురు:
మా నాన్నకూ ఇంత పవరే. ఆపరేషన్‌కు ముందు రెటీనా అంచులు ఎవరూ చూడలేదు. తర్వాత కంట్లో మెరుపులు, నల్లచుక్కలు, ఓ పక్క తెర దిగినట్టు. రెటీనా ఊడింది. మీరేమో అంకెల దగ్గర కొట్టుకుంటున్నారు.

మైనస్_12:
ఒక్కరికి జరిగింది చూపించి అందరినీ భయపెట్టకండి!

పెద్దకూతురు:
భయపెట్టడమా? పొడవైన కంట్లో రెటీనా సాగి పలచబడుతుంది, ఊడే ప్రమాదం ఎక్కువ. ఆ ముక్క ముందే చెప్పుంటే మెరుపులు కనబడ్డ రోజే పరిగెత్తేవాళ్లం. మాకెవరూ చెప్పలేదు.

మైనస్_12:
మీకు మీ బాధ, నాకు నాది. కుడి కన్ను ఇంకా మైనస్ 12లోనే ఉంది, ఎడమకు అద్దమే అక్కర్లేదు. రెండు బొమ్మలూ కలవక మెట్లు దిగలేకపోతున్నాను. శుక్లం ముదరలేదని తిప్పి పంపారు. రక్తం పెరుగుతుందని చూపిస్తేనైనా చేస్తారేమోనని ఇదంతా.

స్కాన్_గది:
ఈ మాట మొదటే చెప్పాల్సింది! రెండు కళ్ల పవర్ మధ్య అంత తేడా ఉండటమే రెండో ఆపరేషన్‌కు సరైన కారణం. మెట్ల సంగతి డాక్టరుకు చెప్పండి, రక్తం ఊసెత్తకండి.

పెద్దకూతురు:
కంటిపాప పెద్దది చేసి రెటీనా అంచుదాకా చూడమనండి. చిరుగుంటే ముందే లేజర్ చేస్తారు.

మైనస్_12:
అడుగుతాను. కానీ నాళాలు సర్దుకుంటాయన్నారే, ఇంత సాగిన కంట్లో కూడా అలాగే సర్దుకుంటాయని ఎలా అంటారు?