హైదరాబాదు విలాసంలో కంటికి కనిపించేదెంత, చేతికి తెలిసేదెంత?

ప్రశ్న: సాగరతీరం

నమస్కారం. మాది విశాఖపట్నం. మా మేనకోడలు వస్త్రరూపకల్పన చదువుతోంది. ఒక నగరానికి చెందిన విలాసవస్తువులను వాటి స్పర్శను బట్టి పరిశీలించి వ్యాసం రాయాలని కళాశాలలో పని అప్పగించారట. అందుకోసం ఈ సెలవుల్లో హైదరాబాదులో మా తమ్ముడి ఇంట్లో ఉంటోంది. బంజారాహిల్స్ దుకాణాలు కొన్ని చూసి వచ్చాక ఆ పిల్లకు సందేహం పట్టుకుంది. అక్కడ ప్రతి బట్టకూ వేలాడే చీటీ మీద ‘టెక్స్చర్’ అనే మాట కనిపించింది. ధర మాత్రం అదే తరహా బట్టకు పాతబస్తీలో చెప్పినదానికి ఎన్నో రెట్లు ఉంది. హిమ్రూ అని చెప్పి చూపిన ఒక ముక్కను తిరగేస్తే, మరమగ్గం మీద నేసిన పాలియెస్టరులా తోచిందట.

హైదరాబాదు అనగానే ముత్యాలు, జరీ, మెరుపు అంటాం. ఈ ఊరి నేతకు గాని, కళకు గాని, తిండికి గాని చేత్తో తాకి, నోట్లో పెట్టుకుని తెలుసుకోదగిన ప్రత్యేక గుణం నిజంగా ఉందా, లేక అది అమ్మేవాళ్లు పుట్టించిన మాటా? ఉంటే ఆ పిల్ల ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది దేనితో పోల్చి చూడాలి? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

సమాధానం: నేతగది

సాగరతీరం గారూ, బట్టను తిరగేసి చూడాలని మీ మేనకోడలికి తోచింది కనుక ఆమె దారి సరైనదే. హైదరాబాదు నేతలో అసలు సంగతి తరచుగా లోపలి ముఖాన ఉంటుంది.

మష్రూ అనే నేతబట్టతో మొదలుపెట్టమనండి. మష్రూకు పడుగు (నిలువు పోగులు) పట్టు, పేక (అడ్డపు పోగులు) నూలు. శాటిన్ నేతలో పట్టు పోగు కొన్ని నూలు పేకల మీదుగా తేలుతూ వెళ్లి, ఒక్కదాని కిందికి దిగి, మళ్లీ పైకి వస్తుంది. అందువల్ల పైముఖం దాదాపు అంతా పట్టుగా, ఒంటికి తగిలే ముఖం నూలుగా ఏర్పడుతుంది. పురుషులు అచ్చమైన పట్టును ధరించరాదన్న మతసంప్రదాయానికీ, కొలువుకు వెళ్లేవాడికి కావలసిన మెరుపుకూ మధ్య మగ్గం కుదిర్చిన ఒప్పందం అది. దక్కను వేసవిలో అది మరో విధంగానూ అక్కరకు వచ్చింది, ఎందుకంటే చెమటను నూలు పీల్చుకుంటుంది, పట్టు బయటే ఉండి మెరుస్తుంది. ఒక వేలు పైన, ఒక వేలు కింద పెట్టి బట్టను రుద్దితే రెండు వేళ్లకూ రెండు వేర్వేరు బట్టలు తగిలినట్టుంటుంది. అలా తగలకపోతే అది మష్రూ పేరు పెట్టుకున్న మరేదో అని నిర్ణయించుకోవచ్చు.

హిమ్రూ పద్ధతి వేరు. నూలు పడుగు మీద పట్టు పోగులను అదనపు పేకగా వేసి బూటాలు, తీగలు నేస్తారు. పైకి రాని చోట ఆ పట్టు పోగులు వెనక వదులుగా తేలుతూ ఉంటాయి. ఆ తేలిన పోగులే బట్టకు మెత్తటి మందాన్నిస్తాయి. అయితే అవే పోగులు గోటికీ ఉంగరానికీ తగులుకుంటాయి కాబట్టి, షేర్వాణీకి వాడినప్పుడు లోపల అస్తరు వేయక తప్పదు. మరమగ్గపు నకలులో వెనక తేలే పోగులను కత్తిరించేస్తే ఆ మందం పోతుంది, కత్తిరించకపోతే పాలియెస్టరు పోగులు చేతికి బిరుసుగా తగులుతాయి. మీ మేనకోడలికి అనుమానం వచ్చింది ఇక్కడేనని నా ఊహ.

ఈ నేతలు ఔరంగాబాదులోనూ హైదరాబాదులోనూ నిజాం రాజ్యకాలంలో వెలిగి, ఆదరించే కొలువులు పోయాక మూలపడ్డాయి. వాటిని ఈ నగరంలో మళ్లీ మగ్గం ఎక్కించినవారిలో సురయ్యా హసన్ బోస్ (1928–2021) ముఖ్యులు. దర్గా హుస్సేన్ షా వలీ ప్రాంతంలో మగ్గాలు పెట్టి, భర్తను కోల్పోయిన స్త్రీలకు నేత నేర్పి, హిమ్రూ, మష్రూలతో పాటు పైఠణీ, జామావార్ అనే నేతలను కూడా నేయించారు. విలాసవస్త్రం గురించి రాసే వ్యాసంలో దాన్ని నేసిన చేతులెవరివో చెప్పకుండా స్పర్శ గురించి మాత్రమే రాస్తే అది సగం వ్యాసమే అవుతుందని నా అభిప్రాయం.

జర్దోజీ, అంటే లోహపు తీగలతో చేసే కుట్టుపని, చూడదలిస్తే కార్చోబ్, అంటే బట్టను బిగించి కట్టే చెక్క చట్రం, వేసి కూర్చున్న పనివారి దగ్గరికే వెళ్లాలి. హైదరాబాదీ పెళ్లికూతురు వేసుకునే ఖడా దుపట్టా ఆరు గజాల పొడవుంటుంది. దాని అంచుల పని బరువు బట్ట జాలువారే తీరునే మార్చేస్తుంది. దబ్కా అనేది సన్నటి తీగను చుట్ట చుట్టిన పొట్టి గొట్టం. సూదిని దాని లోపలి బోలు గుండా దూర్చి పూసలా కుట్టేస్తారు. గోరు మెల్లగా ఆనించి లాగితే చుట్టల గాట్లు ఒకటొకటిగా తెలుస్తాయి. యంత్రపు కుట్టులో ఈ గాట్లు ఉండవు. పాత వెండి జరీ పనిని కరిగించి వెండి తీసుకుని అమ్ముకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందుకే మంచి పాత నమూనాలు ఇళ్లలో కంటే సంగ్రహాలయాల్లో ఎక్కువగా దొరుకుతాయి.

సమాధానం: సున్నపుబట్టీ

నేతగది గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. కాని హైదరాబాదు విలాసమంతా లోపలి ముఖంలో ఉందనే ధోరణి నాకు కాస్త ఏకపక్షంగా తోస్తోంది. హిమ్రూ పుట్టిందే బంగారు, వెండి జరీతో నేసే ఖరీదైన కింఖాబుకు చవకైన ప్రత్యామ్నాయంగా. ఒక పదార్థం మరొక పదార్థంలా కనిపించడం ఈ ఊరివాళ్లకు చిన్నతనం కాదు, ముచ్చట. దానికి గోడల్లో ఉన్నంత సాక్ష్యం బట్టల్లో లేదు.

ఈ నేల నిండా ఉన్నది గ్రానైటు. కట్టడానికి దానంత గట్టిది లేదు గాని, ఆకులూ తీగలూ చెక్కబోతే ఉలి మొండికేస్తుంది. కాకతీయులు సన్నటి శిల్పానికి నల్లరాతిని ఎంచుకున్నారు. కుతుబ్‌షాహీలు మరో దారి పట్టారు. కట్టడాన్ని గ్రానైటుతో లేపి, అలంకారమంతా గచ్చులో, అంటే సున్నపు పూతలో, చేశారు. 1591లో కట్టిన చార్మినారు మీద మీరు చూసే పూలూ రేకులూ చాలావరకు సున్నపు పనే. సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో కలిపి డంగులో నూరి, బెల్లపు నీళ్లు, మారేడు గుజ్జు వంటివి చేర్చి, పూత మీద పూత వేసి, చివరి పూత ఆరీ ఆరకముందే రాయితో నున్నగా రుద్దేవారు. ఆ నునుపు రంగు వేసిన గోడ నునుపులా ఉండదు. అరచేయి ఆనిస్తే చల్లగా, చర్మం మీద జారుతూ, అక్కడక్కడ పనివాడి చేతి ఒత్తిడి వల్ల ఏర్పడిన చిన్న మిట్టపల్లాలతో ఉంటుంది.

దీనికి విరుద్ధమైన పాఠం కూడా ఈ నగరంలోనే దొరుకుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో కుతుబ్‌షాహీ సమాధులకు మరమ్మతుల పేరిట సిమెంటు పూశారు. సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, పైగా దాని గరుకు బూడిదరంగు పక్కన పాత గచ్చు వెలవెలబోతుంది. 2013లో మొదలై 2024లో ముగిసిన పునరుద్ధరణలో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ ఆ సిమెంటును తొలగింపజేసి తిరిగి సున్నపు పూతే వేయించింది. మీ మేనకోడలు అక్కడ లోపలి సమాధుల నల్లరాతి నునుపును, బయటి గ్రానైటు గరుకును, గచ్చు నునుపును మూడింటినీ ఒకచోటే పోల్చుకోవచ్చు. అలంకారాన్ని ముట్టుకోవద్దని మాత్రం చెప్పండి. 2019 మేలో చార్మినారు మినారు నుంచి గచ్చు ముక్క ఊడి పడిన సంగతి అందరికీ తెలిసిందే.

ఆ తరువాత పిసల్‌బండలోని పైగా సమాధులకు వెళ్లాలి. నిజాం కుటుంబంతో వియ్యమందిన పైగా ప్రభువుల సమాధులవి. అక్కడి గచ్చు జాలీలు, అంటే చిల్లుల అల్లిక తెరలు, లేసు పనిని తలపిస్తాయి, ఒక జాలీ నమూనాకూ పక్కదాని నమూనాకూ పోలిక ఉండదు. పొద్దు వాలుతున్నప్పుడు వెళితే ఒక్కో గీతకూ నీడ పడి పని లోతు తెలుస్తుంది. సందర్శకులు తక్కువ కాబట్టి తాపీగా కూర్చుని బొమ్మలు గీసుకోవచ్చు.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న బెంజోనీ శిల్పమిది. పాలరాయి తడి బట్టలా ముఖానికి అంటుకున్నట్టు కనబడుతుంది. బట్ట మడతలు పలచబడే చోట ముక్కూ పెదవులూ లోపలినుంచి తెలుస్తాయి. తాకనివ్వరు, తాకవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే చేయి చేయవలసిన పనిని శిల్పి కంటికే అప్పగించాడు. ఇటలీలో చెక్కిన శిల్పం హైదరాబాదు కళ ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. కొన్నవారి అభిరుచి ఎలాంటిదో అది చెబుతుంది, నా వాదనకు అంతవరకు చాలు.

సమాధానం: నేతగది

సున్నపుబట్టీ గారి గ్రానైటు వాదన నాకు నచ్చింది. ఒక్క మాట మాత్రం చేరుస్తాను. కింఖాబును అనుకరించిన హిమ్రూకు సొంత సుగుణం ఉంది, అది తేలిక, మెత్తన. రాతిని అనుకరించిన గచ్చుకూ సొంత చల్లదనం ఉంది. పాలియెస్టరు హిమ్రూకు అలాంటిదేమీ లేదు, మేలో వేసుకుంటే ఉడికిపోవడమే. అనుకరణల మధ్య తేడా అక్కడ చూడాలని నా మనవి.

సమాధానం: బర్కస్ దారి

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను.

హైదరాబాదులో విలాసపు వంటను రుచి ఒక్కదాన్ని బట్టే తూచరు. నోటికి ఎలా తగిలిందన్నది రుచితో సమానంగా చూస్తారు. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు నగరంలోని బర్కస్ ప్రాంతంలో స్థిరపడి తమ వెంట హరీస్‌ను తెచ్చుకున్నారు. గోధుమ, మాంసం తప్ప మసాలా పెద్దగా లేని ఆ వంట ఇక్కడి మసాలా, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ తోడై హలీం అయింది. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బట్టీ దగ్గర నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. ఇటుకా మట్టీ వేసి కట్టిన బట్టీలో దేగ్‌ను, అంటే పెద్ద వంటపాత్రను, దించి, నానిన గోధుమనూ మాంసాన్నీ గంటల తరబడి ఉడకనిస్తారు. తరువాత ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, పొడవాటి కర్ర ఘోట్నాలతో ఒకరి తరువాత ఒకరు దంచుతారు. ఈ దంచుడులో మాంసం తెగదు, పీచులుగా విడిపోతుంది. ఎముకల దగ్గరి కండరబంధం కరిగి జిగురవుతుంది, గోధుమలోని పిండిపదార్థం ఉబ్బి ఆ జిగురును పట్టి ఉంచుతుంది. గరిటెతో ఎత్తితే తెగకుండా సాగి, సన్నటి పీచులు కనిపిస్తూ జారాలి. ఇంట్లో తొందరపడి మిక్సీలో వేస్తే బ్లేడు ఆ పీచులను కోసేస్తుంది. రుచి దాదాపు అలాగే ఉన్నా నోటికి పసిపిల్లల గుజ్జన్నంలా తగులుతుంది. పాతబస్తీలో పెద్దవాళ్లు అలాంటిదాన్ని ఒక చెంచా తిని గిన్నె పక్కన పెట్టేస్తారు.

పైన చల్లే కరకరలాడే ఉల్లిపాయ, జీడిపప్పు, నిమ్మకాయ రసం అలంకారానికని అనుకోకండి. అంతా మెత్తగా ఉన్న గిన్నెలో పంటికి పని కల్పించేవి అవే. నేతగది గారు చెప్పిన హిమ్రూ బూటా గుర్తుకొచ్చింది, మెత్తటి నేల మీద లేచిన పని. మీ మేనకోడలు మాంసం తినకపోతే ఖుబానీ మీఠా తినమనండి. ఎండిన ఆప్రికాట్లను నానబెట్టి ఉడికించి, గింజ లోపలి పప్పును తీసి పైన వేస్తారు. మెత్తనా గట్టితనమూ రెండూ ఒకే పండులోంచి వస్తాయి.

ప్రశ్న వేసినవారు: సాగరతీరం

అందరికీ ధన్యవాదాలు. మేనకోడలికి చదివి వినిపించాను. మష్రూ, పైగా సమాధులు, హలీం ఈ మూడింటి చుట్టూ వ్యాసం అల్లుతానంటోంది. ఇంటికి తెచ్చుకోవడానికి ఒకటో రెండో వస్తువులు కొనాలని కూడా ఉందట. లాడ్‌బజారు లక్కగాజులు, బిద్రీ పెట్టె అనుకుంటోంది. మోసపోకుండా ఎలా చూడాలి?

సమాధానం: సున్నపుబట్టీ

బిద్రీ బీదరుది. ఆ ఊరు 1956 దాకా హైదరాబాదు రాజ్యంలో, రాష్ట్రంలో భాగం కాబట్టి ఈ నగరంతో సంబంధం పాతదే. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు, ఉలితో గాడి తీసి వెండి తీగను గాని రేకును గాని కొట్టి దింపుతారు. బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. సమంగా పొదిగిన రకమైతే కళ్లు మూసుకుని వేలితో తడిమినప్పుడు నలుపెక్కడ ఆగిందో వెండి ఎక్కడ మొదలైందో వేలికి తెలియకూడదు. ఉబ్బెత్తుగా పొదిగే రకం కూడా ఉంది, దానికి ఈ పరీక్ష వర్తించదు. నల్లరంగు పూసి వెండిరంగు గీతలు గీసినదైతే అంచు దగ్గర గోటికి పెచ్చు లేస్తుంది.

సమాధానం: బర్కస్ దారి

గాజులు దుకాణం ముందువైపు కొనకుండా, వెనక సందుల్లో బొగ్గుల కుంపటి మీద లక్కను కాచి, చేత్తో సాగదీసి, గుండ్రంగా వంచి, అద్దపు ముక్కలనూ రాళ్లనూ ఒక్కొక్కటిగా వేడి లక్కలో గుచ్చే చోట కొనమనండి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి గాజులో రాయి లక్కలోకి దిగి ఉంటుంది, వేలితో తోస్తే కదలదు. జిగురుతో అంటించినదైతే రాయి చుట్టూ మెరిసే గీత కనబడుతుంది. లోపలి వైపు ముంజేతికి ఒరుసుకోకుండా నున్నగా ఉందో లేదో తొడిగి చూసే కొనాలి. విశాఖకు కారులో వెళ్లేటట్టయితే ఎండలో కారు ఆపినప్పుడు వాటిని లోపల వదలవద్దని చెప్పండి. లక్క మెత్తబడితే గాజు వంకరపోతుంది, రాళ్లు వదులవుతాయి.